అమెరికా రెసిడెన్సీ ఇంటర్వ్యూకి తయారవ్వడం ఎలా

ప్రతి అక్టోబర్లో నా ఫోన్‌కి జూనియర్ల మెసేజ్‌లు మొదలవుతాయి. అమెరికాలో రెసిడెన్సీకి, అంటే మన పీజీ లాంటి ట్రైనింగ్‌కి వచ్చిన ఇంటర్వ్యూ ఇన్వైట్ స్క్రీన్‌షాట్, దాని కింద ఒకటే ప్రశ్న: "అక్కా, ఏం చదవాలి?" ఆ 'చదవాలి' అన్న మాట దగ్గరే మనవాళ్లకి చిక్కు వచ్చి పడుతుంది.

మనకి ఎంబీబీఎస్ సీటు ఎంసెట్ ర్యాంకుతోనో నీట్ ర్యాంకుతోనో వచ్చింది. నువ్వు డాక్టర్‌వి ఎందుకవ్వాలనుకుంటున్నావని ఎవరూ ఎదురుగా కూర్చోబెట్టి అడగలేదు. అమెరికాలో చదివిన పిల్లలకి మెడికల్ స్కూల్లో సీటు రావాలంటేనే ఇంటర్వ్యూ దాటాలి. రెసిడెన్సీ నాటికి వాళ్లకి ఆ అలవాటు ఉంటుంది. మనకి ఇదే మొదటిసారి. మనం ఎరిగిన ముఖాముఖి ఒక్కటే, వైవా. బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ముందు చేతులు కట్టుకుని నిలబడి, స్ప్లీన్ పెరగడానికి కారణాలు వరసగా అప్పజెప్పి బయటపడ్డాం. ఇంటర్వ్యూలోనూ అదే చేస్తాం. ప్రశ్న వినగానే జవాబు అప్పజెప్పేస్తాం.

అవతలివాళ్లకి మీ సబ్జెక్టు సంగతి ముందే తెలుసు. అమెరికా లైసెన్సు పరీక్షల్లో ఒకటైన స్టెప్ 2లో మీ స్కోరు, ట్రాన్‌స్క్రిప్టు, సిఫార్సు లేఖలు వాళ్ల ముందున్నాయి. వాళ్లు చూసేది వేరే: రాత్రి మూడింటికి ముగ్గురు పేషెంట్లు ఒకేసారి వస్తే ఈ మనిషితో కలిసి పని చేయగలమా, తెలియనిది తెలియదని చెబుతుందా, మూడేళ్లు ఈమెకి నేర్పడం మాకు బాగుంటుందా. నేను ఇంటర్నల్ మెడిసిన్‌లో రెసిడెన్సీ చేసి ఇప్పుడు అటెండింగ్‌గా, అంటే ట్రైనింగ్ పూర్తయిన సీనియర్ డాక్టర్‌గా ఉన్నాను. ఏటా కొంతమంది జూనియర్లకి మాక్ ఇంటర్వ్యూలు, అంటే ప్రాక్టీసు ఇంటర్వ్యూలు చేస్తాను. కింద రాసిందంతా అందులోంచి వచ్చిందే.

ముందు మీ అప్లికేషన్ మీరే చదవండి

సెప్టెంబర్లో ఎరాస్‌లో (రెసిడెన్సీ అప్లికేషన్లు వేసే ఆన్‌లైన్ వ్యవస్థ) అప్లికేషన్ వేసేశాక చాలామంది దాన్ని మళ్లీ తెరిచి చూడరు. ప్రింటు తీయండి. అందులో మీరు రాసిన అనుభవాలు పది దాకా ఉంటాయి, వాటిలో మూడింటిని 'నాకు ముఖ్యమైనవి' అని ఎంచుకుని ఉంటారు. ఆ మూడింటి మీద ప్రశ్న వస్తుందనే అనుకోండి. ప్రతి వాక్యం పక్కన పెన్సిల్‌తో రాయండి: దీని మీద రెండు నిమిషాలు మాట్లాడగలనా? ఆ పరిశోధన పత్రంలో మూడో రచయితగా మీ పేరుంటే, ఎన్ని కేసులు తీసుకున్నారు, మీరు సొంతంగా చేసిన పని ఏమిటి, చివరికి ఏం తేలింది, ఈ మూడూ తడుముకోకుండా చెప్పగలగాలి.

హాబీల గడిని తేలిగ్గా తీసుకోకండి. నా మొదటి ఇంటర్వ్యూలో నేను అందుకే దెబ్బతిన్నాను. 'కుకింగ్' అని రాశాను, ఏదో ఒకటి రాయాలి కాబట్టి. గుండె, కిడ్నీ, ఎథిక్స్ అన్నీ చదువుకుని కూర్చుంటే ఇంటర్వ్యూ చేసే ఆయన నవ్వుతూ, ఈ ఆదివారం ఏం వండారు అని అడిగారు. నాకు మాట రాలేదు. ఆ ప్రోగ్రామ్ (ఒక్కో ఆస్పత్రి నడిపే రెసిడెన్సీని అలా అంటారు) నుంచి ఏమీ రాలేదు కూడా. ఇప్పుడు నేను చూసుకుంటున్న జూనియర్ ఒకడు హాబీల్లో 'పచ్చళ్లు పెట్టడం' అని రాశాడు. నిజంగానే పెడతాడు, వాళ్ల నాయనమ్మ దగ్గర నేర్చుకున్నాడు. ఆవకాయలో ముక్కకి తడి తగిలితే ఏమవుతుందో, ఆవపిండి ఎందుకో, నూనె పైకి తేలేదాకా ఎందుకు పోయాలో ఐదు నిమిషాలు చెబితే, ఇంటర్వ్యూ చేసే ఆవిడ నోటుపుస్తకంలో రాసుకుందట. నిజం రాయండి, చాలు.

ఏడెనిమిది కేసులు నోటుబుక్కులో పెట్టండి

అసలు తయారీ అంతా ఇక్కడే ఉంది. మిగతా వాటికి పట్టే టైమ్ అంతా ఒక ఎత్తు, దీనికి పట్టేది ఒక ఎత్తు.

వాళ్లు అడిగే ప్రశ్నల్లో సగం ఇలా ఉంటాయి: మీరు తప్పు చేసిన సందర్భం చెప్పండి. తోటివాళ్లతో గొడవ పడ్డ సందర్భం. కోపంగా ఉన్న పేషెంట్‌. ఏదైనా ఒక పద్ధతిని మీరు మెరుగుపరిచిన రోజు. మీరు మరిచిపోలేని పేషెంట్. ప్రతి ప్రశ్నకీ వేరే జవాబు తయారు చేసుకుంటే వంద జవాబులవుతాయి, ఒక్కటీ సమయానికి గుర్తు రాదు. అలా కాకుండా మీ హౌస్ సర్జన్సీ నుంచి, అమెరికాలో డాక్టర్ల వెంట ఉండి చూసిన అబ్జర్వర్‌షిప్‌ల నుంచి ఏడెనిమిది సంఘటనలు తీయండి. పేజీకి ఒకటి. ఒక్కో సంఘటన రెండు మూడు ప్రశ్నలకి సరిపోతుంది.

రాసేటప్పుడు ఇంగ్లిష్ జోలికి పోకండి. ముందు తెలుగులో, మీ అమ్మకో హాస్టల్ రూమ్మేట్‌కో చెప్పినట్టు చెప్పండి. ఫోన్లో రికార్డు చేసుకోండి. ఎందుకంటారా, పోయినేడు మాక్‌లో జరిగింది చెబుతాను.

ఒక చెల్లెమ్మని, మరిచిపోలేని కేసు చెప్పమ్మా అన్నాను. "ఇట్ వాజ్ ఎ వెరీ చాలెంజింగ్ అండ్ రివార్డింగ్ ఎక్స్‌పీరియెన్స్. ఐ లెర్న్డ్ టీమ్‌వర్క్ అండ్ ఎంపతీ" అంది. పేషెంట్ ఎవరో, ఆ రోజు ఏమయిందో ఒక్క ముక్క లేదు. ఇంగ్లిష్ పక్కన పెట్టి, అసలు ఏం జరిగిందో తెలుగులో చెప్పు అన్నాను. అప్పుడు చెప్పింది.

పురుగుమందు తాగిన పాతికేళ్ల అబ్బాయిని రాత్రి పన్నెండు దాటాక తీసుకొచ్చారు. కనుపాపలు సూదిమొనలా ఉన్నాయి, నోట్లోంచి నురగ. ట్యూబు వేశారు కానీ వెంటిలేటర్ ఒక్కటీ ఖాళీ లేదు. తను ఒక గంట, చేత్తో నొక్కి ఊపిరి అందించే అంబూ బ్యాగ్ నొక్కింది. చేతులు పడిపోతుంటే ఆ అబ్బాయి అన్నని పిలిచి, "నువ్వు ఊపిరి పీల్చినప్పుడల్లా ఒకసారి నొక్కు అన్నా, ఆగకు" అని నేర్పి, తను విరుగుడు మందు అట్రోపిన్ చూసుకుంది. పొద్దున డ్యూటీ మారేటప్పుడు అప్పటికి ఎంత అట్రోపిన్ వెళ్లిందో వచ్చినవాళ్లకి సరిగ్గా చెప్పలేకపోయింది. కేస్ షీట్లో ఒక లెక్క, సిస్టర్ దగ్గర ఇంకో లెక్క. మర్నాటి నుంచి మంచానికి ఒక తెల్లకాగితం ప్లాస్టర్‌తో అంటించి, టైమ్, డోసు, కనుపాప సైజు, ఊపిరితిత్తుల చప్పుడు అని నాలుగు గళ్లు గీసింది. తన యూనిట్లో మిగతా హౌస్ సర్జన్లు కూడా అదే వాడటం మొదలుపెట్టారు.

ఆ కాగితం గురించి ఎక్కడైనా రాశావా అని అడిగాను. "అది చెప్పాల్సిన విషయమా అక్కా?" అంది.

అదే చెప్పాల్సిన విషయం. షిఫ్ట్ మారేటప్పుడు పేషెంట్‌ని అప్పగించడంలో జరిగే పొరపాట్ల గురించి అమెరికా ఆస్పత్రులు ఎంతో పట్టించుకుంటాయి. ఇంటర్న్‌కి మొదటి వారంలోనే నేర్పే పని అది. ఎవరూ చెప్పకుండా తనకై తను ఆ లోపం చూసి, దానికొక కాగితం ముక్కతో మందు వేసింది. ఈ ఒక్క కేసు 'మరిచిపోలేని పేషెంట్'కీ పనికొస్తుంది, 'మీ తప్పు'కీ పనికొస్తుంది, 'మీరు మెరుగుపరిచింది'కీ పనికొస్తుంది. ఇలాంటివి మన ప్రభుత్వాసుపత్రుల్లో చేసిన ప్రతివాళ్ల దగ్గరా ఉంటాయి. మనకి రోజువారీ పని కాబట్టి వాటికి విలువ కట్టం.

తెలుగులో చెప్పింది విన్నాక, అదే వరసలో ఇంగ్లిష్‌లో చెప్పండి. వ్యాకరణం కాస్త అటూ ఇటూ అయినా పరవాలేదు. రెండు నిమిషాలు దాటనివ్వకండి: పరిస్థితి రెండు వాక్యాలు, మీరు చేసింది నాలుగైదు, ఏమయింది ఒకటి, ఆ తర్వాత మీరు మార్చుకున్నది ఒకటి. మీరు చేసిన భాగమే పెద్దదిగా ఉండాలి. మనకి 'మేము చేశాం' అనడం అలవాటు, అది వినయం. అక్కడ 'మేము' అంటే మీరేం చేశారో వాళ్లకి అర్థం కాదు. సీనియర్ చేసింది సీనియర్‌దని, మీరు చేసింది మీదని విడదీసి చెప్పండి. పేషెంట్ పేరు, ఊరు మాత్రం నోట రానివ్వకండి.

'మీ తప్పు' ప్రశ్నకి "నేను మరీ పర్‌ఫెక్షనిస్ట్‌ని" లాంటి జవాబు వద్దు. నిజంగా జరిగిన తప్పు చెప్పండి, ఎవరికి చెప్పారో చెప్పండి. తప్పు బయటపడగానే మీరు ఎవరి దగ్గరికి వెళ్లారన్నదే వాళ్లు వినేది.

మన ఆస్పత్రి ఇంగ్లిష్‌ని మార్చుకోండి

మనం ఇంగ్లిష్ అనుకునే మాటలు కొన్ని అక్కడ వేరే అర్థం ఇస్తాయి. "ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2021" అంటే 2021లో స్పృహ తప్పి పడిపోయానని. 'గ్రాడ్యుయేటెడ్' అనండి. 'ఇంటర్న్' అంటే అక్కడ రెసిడెన్సీ మొదటి ఏడాది డాక్టర్. కాబట్టి మీ హౌస్ సర్జన్సీని, ఎంబీబీఎస్‌లో భాగంగా చేసిన ఏడాది రొటేటింగ్ ట్రైనింగ్ అని ఒక్క వాక్యంలో విడమరచండి. 'మా చీఫ్' అంటే వాళ్లకి చీఫ్ రెసిడెంట్ గుర్తొస్తారు. మన యూనిట్ చీఫ్‌ని 'అటెండింగ్' అనాలి. క్యాజువాల్టీని 'ఎమర్జెన్సీ డిపార్ట్‌మెంట్' అని, పోస్టింగ్‌ని 'రొటేషన్' అని, థియేటర్‌ని 'ఓఆర్' అని, పీజీలని 'రెసిడెంట్స్' అని మార్చుకోండి. 'ఐ హావ్ ఎ డౌట్' అంటే మీ మాట నమ్మడం లేదన్నట్టు వినబడుతుంది. 'క్వశ్చన్' అనండి.

'సర్', 'మేడమ్' ప్రతి వాక్యానికీ తగిలించకండి. డాక్టర్ అని ఇంటిపేరుతో పిలిస్తే సరిపోతుంది. యాస మార్చుకోవాల్సిన పనేమీ లేదు, వేగం తగ్గిస్తే చాలు. ఇంకొకటి: మనం ఔనంటూ తల పక్కలకి ఆడిస్తాం. వీడియోలో అది కాదన్నట్టు కనిపిస్తుంది. నోటితో 'యెస్' అనడం అలవాటు చేసుకోండి.

తప్పించుకోలేని ప్రశ్నలు

"టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్" ఎక్కడైనా వస్తుంది. బయోడేటా చదవకండి. ఎక్కడివారు, ఈ స్పెషాలిటీ వైపు మిమ్మల్ని లాగింది ఏమిటి, ఇప్పుడేం చేస్తున్నారు, ఆస్పత్రి బయట మీరెవరు. తొంభై సెకన్లలో ఆపండి. కంఠతా పట్టకండి. నాలుగు మాటలు కాగితం మీద రాసుకుని, ప్రతిసారీ వాక్యాలు మారుస్తూ చెప్పండి.

"మా ప్రోగ్రామే ఎందుకు?" అన్నదానికి వెబ్‌సైట్లో ఉన్న పొగడ్తలు తిరిగి వాళ్లకే వినిపించడం వల్ల ఉపయోగం లేదు. వాళ్ల పేషెంట్లు ఎవరో చూడండి. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన ఒక తమ్ముడికి నెఫ్రాలజీ ఇష్టం. ఉద్దానంలో కిడ్నీ జబ్బు చూస్తూ పెరిగాడు. షుగర్ లేదు, బీపీ లేదు, పొలం పని చేసే మనుషులకి కిడ్నీలు ఎందుకు పోతున్నాయో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. అలాంటి జబ్బే ఎల్ సాల్వడార్, నికరాగువాల్లో చెరకు తోటల కూలీలకి వస్తోంది. ఇంటర్వ్యూ ఇచ్చిన ప్రోగ్రామ్ దగ్గర సెంట్రల్ అమెరికా నుంచి వచ్చిన వలస కూలీలు ఎక్కువ. ఆ రెండూ కలిపి తను చెప్పిన జవాబు ఇంకెవరూ చెప్పలేరు. మీ ఊరికీ వాళ్ల ఊరికీ మధ్య నిజంగా ఏదైనా దారం ఉందేమో వెతకండి. లేకపోతే అల్లకండి. అక్కడ అక్కయ్య వాళ్లు ఉంటారు, చలి నాకు కొత్త కాదు అన్నా నిజమైన జవాబే.

చదువులో గ్యాప్, పరీక్షలో ఫెయిల్ అయిన అటెంప్ట్. ఇవి ఉన్నవాళ్లు రాత్రుళ్లు నిద్రపోరు, నాకు తెలుసు. ప్రోగ్రామ్ వాళ్లు మీ అప్లికేషన్ చూసే పిలిచారన్నది గుర్తుపెట్టుకోండి. ఏం జరిగింది, ఎందుకు, ఏం మార్చుకున్నారు, ఆ మార్పుకి రుజువేమిటి. నాలుగు వాక్యాలు చెప్పి నోరు మూసుకోండి. నాన్నగారి జబ్బు, కోవిడ్, వీసా ఆలస్యం అని ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోతే, చిన్న సంగతి కూడా పెద్దదిగా కనిపిస్తుంది. ఎవరి మీదా నింద వేయకండి.

వీసా గురించి అడిగితే తెలిసి ఉండాలి. జె-1 (ఎక్స్చేంజ్ వీసా) అయితే ట్రైనింగ్ అయ్యాక రెండేళ్లు ఇండియాకి తిరిగి రావాలి, లేదా వెయివర్ (ఆ నియమం నుంచి మినహాయింపు) కింద డాక్టర్లు తక్కువగా ఉన్న చోట పని చేయాలి. హెచ్-1బీ (ఉద్యోగ వీసా) కావాలంటే లైసెన్సు పరీక్షల్లో చివరిదైన స్టెప్ 3 ముందే పాసై ఉండాలి. 2025 సెప్టెంబర్లో కొత్త హెచ్-1బీ పిటిషన్ల మీద లక్ష డాలర్ల ఫీజు ప్రకటన వచ్చింది కాబట్టి, ప్రోగ్రామ్ ఏ వీసా ఇస్తోందో అక్కడ ఏర్పాట్లు చూసే కోఆర్డినేటర్‌ని ఈమెయిల్లో అడిగి తెలుసుకోండి. ఇంటర్వ్యూలో ఉన్న ఇరవై నిమిషాలూ దానికి ఖర్చుపెట్టకండి.

పెళ్లయిందా, పిల్లల్ని ఎప్పుడు కంటారు లాంటివి వాళ్లు అడగకూడదు. ఇంకెక్కడెక్కడ అప్లై చేశారు, మమ్మల్ని ఎన్నో ర్యాంకులో పెడతారు అని అడగడానికి, అభ్యర్థులనీ ప్రోగ్రాములనీ జత కలిపే సంస్థ ఎన్ఆర్ఎంపీ నియమాలు ఒప్పుకోవు. ఎవరైనా అడిగితే గొడవ వద్దు. "ట్రైనింగ్ పూర్తి చేయడానికి నాకు ఏ అడ్డూ లేదు" అని మెత్తగా చెప్పి ముందుకు పొండి.

గది, కరెంటు, గడియారం

2020 నుంచి చాలా ప్రోగ్రాములు వీడియోలోనే ఇంటర్వ్యూ చేస్తున్నాయి. ఇండియాలో కూర్చుని ఇచ్చేవాళ్లు ముందు గడియారం సరిచూసుకోవాలి. అక్టోబర్లో న్యూయార్క్‌లో ఉదయం ఎనిమిదంటే మనకి సాయంత్రం ఐదున్నర. నవంబర్ మొదటి ఆదివారం వాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పుతారు. అప్పటి నుంచి అదే ఎనిమిది మనకి ఆరున్నర. డిసెంబర్లో కాలిఫోర్నియా ఉదయం ఎనిమిది మన రాత్రి తొమ్మిదిన్నర, ముగిసేసరికి రెండు మూడవుతుంది. అలాంటి రోజు మధ్యాహ్నం పడుకోండి, భోజనం తేలిగ్గా చేయండి.

అంటే మీ ఇంటర్వ్యూ సరిగ్గా టీవీ సీరియళ్లు, కుక్కర్ విజిళ్ల వేళకి పడుతుంది. దీపావళి వారంలో పడితే టపాసులు, కార్తీక మాసంలో గుడి మైకు. ఇంట్లో వాళ్లకి ముందురోజే చెప్పండి, వీధి వైపు గది వదిలి లోపలి గది చూసుకోండి. ఇన్వర్టర్ మీద రూటర్ కూడా నడుస్తుందో లేదో మెయిన్ ఆపేసి చూడండి. వేరే కంపెనీ సిమ్‌తో హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంచండి. కోఆర్డినేటర్ ఫోన్ నంబర్ కాగితం మీద రాసి గోడకి అంటించండి. ల్యాప్‌టాప్ కింద నాలుగు టెక్స్ట్‌బుక్కులు పెట్టి కెమెరా కంటి ఎత్తుకి తెండి. వెలుతురు ముఖం మీద పడాలి, వీపు వెనక ట్యూబ్‌లైట్ వద్దు.

మాక్‌లు

నాలుగైదు చాలు. ఒకటి మీ స్పెషాలిటీ తెలిసిన వాళ్లతో, ఒకటి మెడిసిన్‌తో సంబంధం లేని వాళ్లతో. బ్యాంకులో పనిచేసే మా పిన్ని నా మాక్ చేసినప్పుడు, "ఏదో చెప్పావు గానీ, నువ్వేం చేశావో నాకు అర్థం కాలేదే" అంది. అంతకంటే పనికొచ్చే మాట నాకు ఇంకెవరూ చెప్పలేదు. ప్రతి మాక్‌నీ రికార్డు చేసి, ఒకసారి సౌండ్ తీసేసి చూడండి. కళ్లు పక్కకి పోయి స్క్రీన్ మీది నోట్స్ చదువుతున్నట్టు వెంటనే తెలిసిపోతుంది.

ఆ రోజు, ఆ తర్వాత

ముందురోజు రెసిడెంట్లతో మాట్లాడే సాయంత్రం పెడితే తప్పక వెళ్లండి. అక్కడే నిజమైన సంగతులు తెలుస్తాయి. రాత్రి డ్యూటీలో అటెండింగ్ ఎంత అందుబాటులో ఉంటారు, విదేశాల్లో చదివి వచ్చిన ఇంటర్న్‌లకి మొదటి నెలలో ఎవరు సాయపడతారు, పోయినేడు బయటికి వెళ్లినవాళ్లకి ఏ ఫెలోషిప్‌లు (రెసిడెన్సీ తర్వాత చేసే సూపర్ స్పెషాలిటీ ట్రైనింగ్) వచ్చాయి, ఇవి అడగండి. జీతం, సెలవులు వెబ్‌సైట్లో ఉంటాయి. ప్రతి ఇంటర్వ్యూ చివర్లోనూ మీ ప్రశ్నలేమిటని అడుగుతారు కాబట్టి మూడు సిద్ధంగా ఉంచుకోండి. కోఆర్డినేటర్‌తో ప్రొఫెసర్‌తో మాట్లాడినంత మర్యాదగా మాట్లాడండి.

తెలియని ప్రశ్న వస్తే, "ఒక్క క్షణం ఆలోచించనివ్వండి" అని ఆగండి. వైవాలో మౌనానికి మార్కులు పోయేవి. ఇక్కడ పోవు.

కాల్ అవ్వగానే లేచి వెళ్లిపోకుండా పది నిమిషాలు కూర్చుని రాయండి: ఎవరితో మాట్లాడారు, ఏం నచ్చింది, ఏం గుచ్చుకుంది, అక్కడ మూడేళ్లు ఉండగలరా. పదిహేను ఇంటర్వ్యూల తర్వాత అన్నీ ఒకేలా అనిపిస్తాయి. థ్యాంక్యూ మెయిల్ పంపవద్దని ప్రోగ్రామ్ చెబితే పంపకండి. లేకపోతే మీరు మాట్లాడుకున్న ఒక్క విషయం గుర్తుచేస్తూ మూడు వాక్యాలు రాయండి.

ఇంటర్వ్యూలన్నీ అయ్యాక మీరు ప్రోగ్రాములని, ప్రోగ్రాములు అభ్యర్థులని వరసలో పెట్టి ఎన్ఆర్ఎంపీకి ఇచ్చేదే ర్యాంక్ లిస్టు; ఆ రెంటినీ జత కలపడమే మ్యాచ్. ర్యాంక్ లిస్టులో మీకు నిజంగా నచ్చిన వరసే పెట్టండి. 'అక్కడ రాదేమో' అని ఇష్టమైన దాన్ని కిందికి దింపకండి. మ్యాచ్ లెక్క మీ లిస్టులో పై నుంచే మొదలవుతుంది. పైది రాకపోతే కిందిదానికి మీ అవకాశం తగ్గదు. ఇప్పటి పద్ధతిని 1990లలో తిరగరాసిన వాళ్లలో ఒకరైన ఆల్విన్ రోత్‌కి, ఇలాంటి జత కూర్చే లెక్కల మీద చేసిన పనికే 2012లో లాయిడ్ షాప్లీతో కలిపి ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. మీరు ఎత్తులు వేయాల్సిన అవసరం లేకుండానే దాన్ని కట్టారు.

లిస్టు ఇచ్చే గడువు ఫిబ్రవరి చివర్లోనో మార్చి మొదట్లోనో ఉంటుంది, న్యూయార్క్ టైమ్ రాత్రి తొమ్మిదికి, అంటే మనకి మర్నాడు ఉదయం ఏడున్నరకి. లిస్టు సేవ్ చేస్తే సరిపోదు, సర్టిఫై చేయాలి. రెండు రోజుల ముందే చేసేయండి. తర్వాత వరస మార్చితే మళ్లీ సర్టిఫై చేయాలి. స్క్రీన్ మీద 'సర్టిఫైడ్' అన్న మాట కనిపించి, దాన్ని ఫొటో తీసుకున్నాకే ల్యాప్‌టాప్ మూయండి.